ఈక్వలైజర్ స్లైడర్ల వెనుక లెక్క: ఏ బ్యాండ్ ఎక్కడ, గెయిన్ ఎంత?

పెళ్లి మండపంలోనో, స్కూల్ వార్షికోత్సవంలోనో మైక్ సెట్ అమర్చేవారి బల్ల మీద నిలువు స్లైడర్లు వరుసగా ఉన్న పెట్టె ఒకటి కనిపిస్తుంది. అదే గ్రాఫిక్ ఈక్వలైజర్. స్లైడర్ల కింద 31.5, 63, 125, 250, 500 అంటూ 16,000 వరకు అంకెలు ఉంటాయి. పక్కన పైనుంచి కిందికి +12, 0, −12 అని రాసి ఉంటుంది. మొదటి వరుస అంకెలు ధ్వనిలో ఏ భాగాన్ని మారుస్తున్నామో చెబుతాయి. రెండో వరుస అంకెలు ఎంత మారుస్తున్నామో చెబుతాయి.

ఈ అంకెల వెనుక గట్టి లెక్క ఉంది. 63 తర్వాత 125 ఎందుకు వచ్చింది? 12 డెసిబెల్‌లు అంటే ఎన్ని రెట్లు? లోపలి సర్క్యూట్ ఒక్క 1000 హెర్ట్జ్ చుట్టుపక్కల ధ్వనినే ఎలా పట్టుకుంటుంది? పదో తరగతి గణితం, ఒక కాలిక్యులేటర్ ఉంటే ఈ ప్రశ్నలకు మనమే జవాబులు రాబట్టవచ్చు. ఒక బ్యాండ్‌ను కాగితం మీద పూర్తిగా డిజైన్ చేసి చూద్దాం.

ముందు పేరు సంగతి. ఈక్వలైజ్ చేయడమంటే సమం చేయడం. పొడవైన టెలిఫోన్ తీగల్లో ప్రయాణించే మాటలో హెచ్చు పౌనఃపున్యాలు ఎక్కువగా క్షీణించేవి. ఆ నష్టాన్ని అవతలి కొసన సరిచేసి, అన్ని పౌనఃపున్యాలనూ తిరిగి సమస్థాయికి తెచ్చే సర్క్యూట్లకు ఆ పేరు పెట్టారు. అంటే ఈక్వలైజర్ పుట్టింది పాటను మరింత ఘాటుగా చేయడానికి కాదు, దారిలో పోయినదాన్ని పూడ్చడానికి. ఈ మాట చివర్లో మళ్లీ పనికొస్తుంది.

చెవి లెక్క: కూడిక కాదు, హెచ్చవేత

మంచి వినికిడి ఉన్న యువకుల చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. ఈ పరిధిని పది సమాన ముక్కలు చేయమంటే చాలామంది రెండేసి వేల హెర్ట్జ్ చొప్పున కోస్తారు. అలా కోస్తే మొదటి ముక్కలోనే మృదంగం తొప్పి నాదం, వీణ తీగల మూల స్వరాలు, మనిషి గొంతులోని అచ్చులు దాదాపుగా ఇమిడిపోతాయి. మిగిలిన తొమ్మిది ముక్కలకూ హల్లుల చివరి అంచులు, తాళాల మెరుపు మాత్రమే మిగులుతాయి. అలాంటి ఈక్వలైజర్ ఎవరికీ పనికిరాదు.

కారణం సంగీతం నేర్చినవారికి ఇట్టే తెలుస్తుంది. ఆధార షడ్జమం 140 హెర్ట్జ్ అనుకుంటే తారస్థాయి షడ్జమం 280, దాని పైది 560. మొదటి రెండింటి మధ్య తేడా 140, తర్వాతి రెండింటి మధ్య 280. అయినా చెవికి రెండూ ఒకే దూరంలా, ఒక్కో స్థాయిలా వినిపిస్తాయి. చెవి పౌనఃపున్యాల మధ్య తేడాను కాదు, నిష్పత్తిని కొలుస్తుంది. పౌనఃపున్యం రెట్టింపయ్యే ఈ దూరాన్నే ఇంజనీర్లు ఆక్టేవ్ అంటారు.

20తో మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ పోండి: 40, 80, 160, 320, 640, 1280, 2560, 5120, 10,240, 20,480. పది రెట్టింపులు. అంటే మన వినికిడి పరిధి సరిగ్గా పది ఆక్టేవ్‌లకు సరిపోతుంది. ఆక్టేవ్‌కు ఒక స్లైడర్ చొప్పున పది స్లైడర్లు ఉండడానికి కారణం ఇదే.

పది బ్యాండ్ల సరిహద్దులు

అంతర్జాతీయంగా 1000 హెర్ట్జ్‌ను ఆధారంగా తీసుకున్నారు. దాన్ని సగం చేస్తూ కిందికి వస్తే 500, 250, 125, 62.5, 31.25 వస్తాయి. చివరి రెండింటినీ పిలుపు సౌలభ్యం కోసం 63, 31.5గా సవరించారు. రెట్టింపు చేస్తూ పైకి వెళితే 2000, 4000, 8000, 16,000.

ఇవి బ్యాండ్ల మధ్య బిందువులు. అంచులు కనుక్కోవాలంటే గుణమధ్యమం కావాలి. బ్యాండ్ పై అంచు కింది అంచుకు రెట్టింపు కావాలి. మధ్య బిందువు రెండింటి లబ్ధానికి వర్గమూలం కావాలి. ఈ రెండు షరతులూ తీరాలంటే మధ్య పౌనఃపున్యాన్ని √2తో, అంటే 1.414తో భాగిస్తే కింది అంచు, హెచ్చిస్తే పై అంచు రావాలి. 1000కి చేసి చూద్దాం: 1000 ÷ 1.414 = 707; 1000 × 1.414 = 1414. రెండింటినీ హెచ్చించి వర్గమూలం తీస్తే మళ్లీ 1000 వస్తుంది. మిగిలినవి కూడా ఇలాగే (హెర్ట్జ్‌లలో, దగ్గరి పూర్ణాంకానికి):

31.5 బ్యాండ్: 22 నుంచి 44
63 బ్యాండ్: 44 నుంచి 88
125 బ్యాండ్: 88 నుంచి 177
250 బ్యాండ్: 177 నుంచి 354
500 బ్యాండ్: 354 నుంచి 707
1000 బ్యాండ్: 707 నుంచి 1414
2000 బ్యాండ్: 1414 నుంచి 2828
4000 బ్యాండ్: 2828 నుంచి 5657
8000 బ్యాండ్: 5657 నుంచి 11,314
16,000 బ్యాండ్: 11,314 నుంచి 22,627

ఒక బ్యాండ్ ముగిసిన చోటే తర్వాతిది మొదలవుతోంది. మధ్యలో ఖాళీ లేదు. మొదటి బ్యాండ్ వెడల్పు 22 హెర్ట్జ్ అయితే చివరిది 11 వేల హెర్ట్జ్ పైమాటే. చెవి దృష్టిలో మాత్రం రెండూ ఒకే వెడల్పు.

ఈ పట్టికతో వెంటనే ఒక పని చేయవచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. స్పీకర్లో వినిపించే 'గుంయ్' మనే హమ్ 50 హెర్ట్జ్‌దైతే 63 స్లైడర్‌కు అందుతుంది. దాని రెట్టింపైన 100 హెర్ట్జ్ హమ్ అయితే 125 స్లైడర్‌కు అందుతుంది. ఏ స్లైడర్ దించితే హమ్ తగ్గుతుందో చూసి అది ఏ రకం హమ్మో అంచనా వేయవచ్చు.

మీ ఫోన్‌లోని ఈక్వలైజర్‌కు ఐదే స్లైడర్లు ఉండవచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అవి 60, 230, 910, 3600, 14,000 హెర్ట్జ్. పక్కపక్క అంకెలను భాగించి చూడండి, ప్రతిసారీ దాదాపు 4 వస్తుంది. అంటే ఒక్కో స్లైడర్ రెండేసి ఆక్టేవ్‌లను చూసుకుంటోంది. స్టూడియోల్లో, పెద్ద సభల్లో వాడే 31 స్లైడర్ల ఈక్వలైజర్లో ఆక్టేవ్‌ను మూడు భాగాలు చేస్తారు. అక్కడ ఒక్కో అడుగు 1.26 రెట్లు. అలాంటి పది అడుగులు వేస్తే పౌనఃపున్యం పది రెట్లవుతుంది. 20 నుంచి 20,000 వరకు వెయ్యి రెట్లు, కాబట్టి 30 అడుగులు, 31 స్లైడర్లు.

బ్యాండ్ పదును: క్యూ

బ్యాండ్ ఎంత సన్నగా ఉందో చెప్పే సంఖ్యను క్యూ అంటారు. మధ్య పౌనఃపున్యాన్ని బ్యాండ్ వెడల్పుతో భాగిస్తే క్యూ వస్తుంది. 1000 బ్యాండ్ వెడల్పు 1414 − 707 = 707. కాబట్టి క్యూ = 1000 ÷ 707 = 1.414. ఆక్టేవ్ వెడల్పున్న ఏ బ్యాండ్‌కైనా ఇదే విలువ. మూడో వంతు ఆక్టేవ్ బ్యాండ్‌కు అది సుమారు 4.32, రెండు ఆక్టేవ్‌ల ఫోన్ బ్యాండ్‌కు సుమారు 0.67. క్యూ పెరిగితే బ్యాండ్ సన్నబడుతుంది.

గెయిన్: రెట్లను డెసిబెల్‌లుగా మార్చడం

గెయిన్ అంటే బయటికి వచ్చే వోల్టేజిని లోపలికి వెళ్లే వోల్టేజితో భాగించగా వచ్చే నిష్పత్తి. చెవి బిగ్గరతనాన్ని కూడా నిష్పత్తిగానే గ్రహిస్తుంది కాబట్టి దీన్ని సంవర్గమానంలో చెప్పడం సౌకర్యం.

డెసిబెల్‌లు = 20 × (వోల్టేజి నిష్పత్తి సంవర్గమానం, ఆధారం 10)

నిష్పత్తి 1 అయితే 0 డెసిబెల్, అంటే మార్పు లేదు. నిష్పత్తి 1.41 అయితే 3, 2 అయితే 6, 4 అయితే 12, 10 అయితే 20 డెసిబెల్‌లు. తగ్గించేటప్పుడు గుర్తు మారుతుంది: సగానికి −6, పావుకు −12. గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. సామర్థ్యం వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వోల్టేజి 4 రెట్లయితే సామర్థ్యం 16 రెట్లు. స్లైడర్ +12 దగ్గర ఉందంటే ఆ బ్యాండ్‌లో యాంప్లిఫయర్‌ను 16 రెట్ల వాట్లు అడుగుతున్నామని అర్థం.

సర్క్యూట్ లోపల

ఇప్పుడు ఒక బ్యాండ్ సర్క్యూట్‌ను ఊహించుకుందాం. ఒక ఆప్-యాంప్ ఐసీ ఉంది. దానికి ప్లస్, మైనస్ అనే రెండు ఇన్‌పుట్లు. ఆడియో సిగ్నల్ 3 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా ప్లస్ ఇన్‌పుట్‌కు వస్తుంది. అవుట్‌పుట్ నుంచి మరో 3 కిలో ఓమ్‌ల రెసిస్టర్ మైనస్ ఇన్‌పుట్‌కు వెనక్కి వస్తుంది. స్లైడర్ రెండు కొసలూ ఈ రెండు ఇన్‌పుట్ల మధ్య ఉంటాయి. స్లైడర్ కదిలే కాలు నుంచి ఒక కెపాసిటర్, ఒక కాయిల్, 1 కిలో ఓమ్ రెసిస్టర్ వరుసగా గ్రౌండ్‌కు వెళతాయి. దీన్ని అనునాద శాఖ అందాం.

కెపాసిటర్ తక్కువ పౌనఃపున్యాలను అడ్డుకుంటుంది, కాయిల్ ఎక్కువ వాటిని అడ్డుకుంటుంది. ఒకే ఒక్క పౌనఃపున్యం దగ్గర ఈ రెండు అడ్డంకులూ సమానమై ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అక్కడ శాఖలో మిగిలేది 1 కిలో ఓమ్ మాత్రమే. దానికి చాలా దూరంగా ఉన్న పౌనఃపున్యాలకు ఆ శాఖ తెగిపోయిన తీగతో సమానం.

ఆప్-యాంప్ గురించి రెండు నియమాలు చాలు. దాని ఇన్‌పుట్లు కరెంటును దాదాపుగా తీసుకోవు. రెండు ఇన్‌పుట్ల వోల్టేజీలు సమానంగా ఉండేలా అది తన అవుట్‌పుట్‌ను సర్దుకుంటుంది. అనునాద పౌనఃపున్యంలో 1 వోల్ట్ సిగ్నల్ పంపి మూడు సందర్భాలు చూద్దాం.

స్లైడర్ పూర్తిగా మైనస్ ఇన్‌పుట్ వైపు ఉంటే: ప్లస్ ఇన్‌పుట్ వైపు కరెంటు పారదు, కాబట్టి అక్కడ 1 వోల్ట్ అలాగే ఉంటుంది. మైనస్ ఇన్‌పుట్ కూడా 1 వోల్ట్ కావాలి. శాఖలోని 1 కిలో ఓమ్ గుండా 1 మిల్లీ ఆంపియర్ పారుతుంది. ఆ కరెంటు అవుట్‌పుట్ నుంచి 3 కిలో ఓమ్‌ల గుండానే రావాలి. అక్కడ 3 వోల్టులు పడతాయి. అవుట్‌పుట్ 1 + 3 = 4 వోల్టులు. గెయిన్ 4, అంటే +12 డెసిబెల్‌లు.

స్లైడర్ పూర్తిగా ప్లస్ వైపు ఉంటే: వచ్చే సిగ్నల్‌ను 3 కిలో ఓమ్, 1 కిలో ఓమ్ పంచుకుంటాయి. ప్లస్ ఇన్‌పుట్‌కు దక్కేది నాలుగో వంతు, 0.25 వోల్ట్. మైనస్ వైపు కరెంటు లేదు కాబట్టి అవుట్‌పుట్ కూడా 0.25 వోల్ట్. గెయిన్ పావు, అంటే −12 డెసిబెల్‌లు.

స్లైడర్ నడిమధ్య ఉంటే: రెండు వైపుల నుంచీ సమానమైన కరెంటు శాఖలోకి పోతుంది. రెండు 3 కిలో ఓమ్‌లలోనూ సమానమైన వోల్టేజి పడుతుంది. కాబట్టి అవుట్‌పుట్, ఇన్‌పుట్ సమానం. గెయిన్ 1, అంటే 0 డెసిబెల్.

పెంపుకూ తగ్గింపుకూ ఒకే సూత్రం: గరిష్ఠ గెయిన్ = 1 + (3 కిలో ఓమ్ ÷ 1 కిలో ఓమ్). 12కు బదులు 6 డెసిబెల్‌లే చాలనుకుంటే గెయిన్ 2 కావాలి. అప్పుడు ఇన్‌పుట్, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు రెండింటినీ 1 కిలో ఓమ్ చేస్తే సరి.

కాయిల్, కెపాసిటర్ విలువలు

క్యూ 1.414 కావాలంటే అనునాదం దగ్గర కాయిల్ అడ్డంకి 1 కిలో ఓమ్‌కు 1.414 రెట్లు, అంటే 1414 ఓమ్‌లు ఉండాలి. కెపాసిటర్ అడ్డంకీ అంతే. 'పై' విలువకు రెట్టింపు 6.283 కదా, సూత్రాలు ఇవి:

కాయిల్ = 1414 ÷ (6.283 × పౌనఃపున్యం)
కెపాసిటర్ = 1 ÷ (6.283 × పౌనఃపున్యం × 1414)

1000 హెర్ట్జ్‌కు కాయిల్ 0.225 హెన్రీ, కెపాసిటర్ 0.1125 మైక్రోఫారడ్. 31.5 హెర్ట్జ్‌కు ఇదే లెక్క చేస్తే కాయిల్ 7.14 హెన్రీలు వస్తుంది. ఇనుప కోర్ మీద వేల చుట్లు చుట్టిన బరువైన కాయిల్ అది. పైగా చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి హమ్‌ను లాక్కుంటుంది కూడా. హమ్ తగ్గించాల్సిన పెట్టెలో హమ్ పట్టే వస్తువు పెట్టినట్టవుతుంది.

ఇక్కడ జైరేటర్ ఆదుకుంటుంది. 1948లో డచ్ ఇంజనీరు బెర్నార్డ్ టెలిజెన్ ప్రతిపాదించిన భావన ఇది: కెపాసిటర్‌ను కాయిల్‌లా ప్రవర్తింపజేయడం. మన సర్క్యూట్లో మరో ఆప్-యాంప్, 1 కిలో ఓమ్, 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు, ఒక చిన్న కెపాసిటర్ కలిసి ఆ పని చేస్తాయి. అవి ఇచ్చే కాయిల్ విలువ మూడింటి లబ్ధం:

కాయిల్ = 1000 ఓమ్‌లు × 1,00,000 ఓమ్‌లు × చిన్న కెపాసిటర్

0.225 హెన్రీకి 2.25 నానోఫారడ్ కావాలి. 7.14 హెన్రీలకు 71.4 నానోఫారడ్‌లు చాలు. గోరంత కెపాసిటర్ బరువైన కాయిల్‌కు బదులు నిలుస్తుంది. శాఖకు కావాల్సిన 1 కిలో ఓమ్ కూడా జైరేటర్‌లోనే ఉంది, వేరే పెట్టనక్కర్లేదు.

దుకాణంలో 2.25 నానోఫారడ్ దొరకదు, 2.2 దొరుకుతుంది. 0.1125 మైక్రోఫారడ్ దొరకదు, 0.12 దొరుకుతుంది. వీటితో కాయిల్ 0.22 హెన్రీ అవుతుంది. అనునాద పౌనఃపున్యం = 1 ÷ (6.283 × √(కాయిల్ × కెపాసిటర్)) కాబట్టి విలువలు వేస్తే సుమారు 980 హెర్ట్జ్ వస్తుంది. కోరినదానికి 2 శాతం తక్కువ. క్యూ 1.35. అమ్మే కెపాసిటర్లలో 5, 10 శాతం తేడాలు మామూలే కాబట్టి ఈ లోటు పట్టించుకోనక్కర్లేదు.

పక్క బ్యాండ్ల మీద పడే నీడ

1000 స్లైడర్‌ను +12కు నెట్టితే 707 దగ్గర, 1414 దగ్గర ఏమవుతుంది? అక్కడ శాఖలో 1 కిలో ఓమ్‌తో పాటు మరో 1 కిలో ఓమ్ అడ్డంకి లంబంగా చేరుతుంది. లంబంగా ఉన్నవాటిని పైథాగరస్ పద్ధతిలో కలపాలి: గెయిన్ వర్గం = (4² + 1²) ÷ (1² + 1²) = 8.5. గెయిన్ 2.92, అంటే 9.3 డెసిబెల్‌లు. ఇదే పద్ధతిలో పక్క బ్యాండ్ల మధ్య బిందువులైన 500, 2000ల దగ్గర లెక్కిస్తే ఇంకా 5.7 డెసిబెల్‌ల పెంపు ఉంటుంది. బ్యాండ్ అంచులు గోడలు కావు, వాలుగా దిగే గట్లు.

అందుకే పది స్లైడర్లూ +12కు నెట్టితే 1000 దగ్గర 12 కాదు, సుమారు 14.6 డెసిబెల్‌లు వస్తాయి. పక్క బ్యాండ్ల సాయం కూడా కలుస్తుంది. అన్ని స్లైడర్లూ ఒకే ఎత్తులో పైకి ఉంటే ఆ పని వాల్యూమ్ నాబ్‌తోనే చేయవచ్చు. ఈక్వలైజర్‌తో పనేమీ లేదు.

పెంచడం కంటే దించడం ఎందుకు మేలు?

ఆప్-యాంప్‌కు ప్లస్, మైనస్ 12 వోల్టుల సప్లయ్ ఉంటే అవుట్‌పుట్ సుమారు 10 వోల్టుల శిఖరం వరకే వెళ్లగలదు. గెయిన్ 4 కాబట్టి లోపలికి వచ్చే శిఖరం 2.5 వోల్టులు దాటకూడదు. దాటితే తరంగం తల తెగి చదునవుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. తెగిన తరంగంలో అసలు పాటలో లేని హెచ్చు పౌనఃపున్యాలు పుడతాయి. పవర్ యాంప్లిఫయర్‌లోనూ ఇదే జరుగుతుంది. బేస్ బ్యాండ్‌లో 10 వాట్లు వాడుతున్నచోట +12 అంటే 160 వాట్లు అడిగినట్టు. 100 వాట్ల యాంప్లిఫయర్ అది ఇవ్వలేక క్లిప్ అవుతుంది. కొత్తగా పుట్టిన హెచ్చు పౌనఃపున్యాలు సున్నితమైన ట్వీటర్ మీద పడి దాన్ని వేడెక్కించి కాల్చేస్తాయి. బేస్ పెంచితే ట్రెబుల్ స్పీకర్ పోవడం వెనుక కథ ఇదే.

సభలో మైక్ కూత పెట్టడం కూడా గెయిన్ సంగతే. స్పీకర్ శబ్దం మైక్‌లోకి తిరిగి చేరినప్పుడు, ఏదో ఒక పౌనఃపున్యం దగ్గర ఒక చుట్టు తిరిగేసరికి అది తగ్గకుండా నిలిస్తే కూత మొదలవుతుంది. మొత్తం వాల్యూమ్ తగ్గిస్తే కూత ఆగుతుంది, కానీ వెనుక వరుసకు మాట వినపడదు. కూత ఉన్న బ్యాండ్‌ను మాత్రం 6 డెసిబెల్‌లు దించితే అక్కడ చుట్టు గెయిన్ సగమవుతుంది, మిగతా మాట చెక్కుచెదరదు. ఈక్వలైజర్ పుట్టిన పని ఇదే: ఎక్కువైన చోట తగ్గించి సమం చేయడం.

చెవుల లెక్క కూడా ఇందులోనే ఉంది. పెద్దలు వారానికి 40 గంటల వరకు 80 డెసిబెల్‌ల స్థాయిలో వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. ఇక్కడి డెసిబెల్ గాలిలో శబ్ద తీవ్రతకు కొలత, స్లైడర్ మీది డెసిబెల్ నిష్పత్తికి కొలత. అయినా కూడిక మాత్రం కుదురుతుంది. స్థాయి మొత్తంగా 12 డెసిబెల్‌లు పెరిగితే చెవికి చేరే శక్తి 16 రెట్లు. 40ని 16తో భాగిస్తే మిగిలేది వారానికి రెండున్నర గంటలు. ఇయర్‌ఫోన్‌తో పాట వింటూ స్లైడర్లన్నీ పైకి తోసేవారు ఈ భాగహారం ఒకసారి చేసి చూసుకోవాలి.

మీ కోసం ఒక లెక్క

250 హెర్ట్జ్ బ్యాండ్‌ను మీరే డిజైన్ చేయండి. గెయిన్, క్యూ మారవు కాబట్టి రెసిస్టర్లు అవే. పౌనఃపున్యం నాలుగో వంతైంది కాబట్టి కాయిల్, కెపాసిటర్ నాలుగేసి రెట్లు కావాలి: 0.9 హెన్రీ, 0.45 మైక్రోఫారడ్. జైరేటర్‌లో చిన్న కెపాసిటర్ 9 నానోఫారడ్‌లు. దుకాణంలో దొరికే 8.2 నానోఫారడ్, 0.47 మైక్రోఫారడ్ వాడితే అసలు పౌనఃపున్యం ఎంత వస్తుందో పై సూత్రంతో కట్టి చూడండి. 256 హెర్ట్జ్ దగ్గరికి వచ్చారంటే మీ లెక్క సరైనట్టే. మిగిలిన ఎనిమిది బ్యాండ్లకూ దారి ఇదే: ఒక ఆక్టేవ్ దిగితే రెండు విలువలూ రెట్టింపు, ఒకటి ఎక్కితే సగం.